టన్నులు, రాళ్ళు, మన మణుగులు

తూకమునకు వాడు సాధనమును ఇనుముతో పోతపోసినను, ఇత్తడితో చేసినను, మనవారు దానిని రాయి అనియే పిలిచిరి. వీసె రాయి, అరవీసె రాయి, శేరు రాయి అని వ్యవహారము. ఇప్పటికిని కూరల అంగడిలో కిలో రాయి అను మాట వినబడుచునే యున్నది. తమిళ దేశమున స్థిరపడిన మనవారికి ఎడైక్కల్ అను మాట తెలియును. అచటి కల్ కూడ రాయియే. ఇనుప గుండును పట్టుకొని రాయి యని పిలుచుటలో మనకు వింత తోచదు. ఒకనాడు అది నిజముగా రాయియే గనుక ఆ పేరు నిలిచినది.

ఆంగ్లేయులు ఆ రాయినే ఒక పరిమాణమునకు పేరుగా పెట్టుకొనిరి. వారి స్టోను అనగా 14 పౌన్లు. కిలోలలో చెప్పవలసిన 6.35. నేటికిని ఆ దేశమున ఒకని బరువెంత యని అడిగినచో, పదకొండు రాళ్ళ నాలుగు పౌన్లు అని చెప్పువారు పెక్కుమంది కలరు. అట్టి రాళ్ళు 160 కూడిన వారి టన్ను అగును. రాళ్ళను టన్నులుగా మార్చవలెనన్న 160చే భాగించుట, టన్నులను రాళ్ళుగా మార్చవలెనన్న 160చే హెచ్చించుట. లెక్క ఇంతమాత్రమే. అయినను ఏ టన్ను, ఎచటి రాయి అని అడుగుట మరచి ఈ లెక్క చేసినవాడు తప్పక మోసపోవును. మేమట్లు మోసపోయిన వృత్తాంతము ఒకటి కలదు. అది చెప్పుటకు ముందు ఈ తూనికల పుట్టుపూర్వోత్తరములు కొంత తెలియవలెను.

రాతితో తూచుట మిక్కిలి ప్రాచీనము. హరప్పా, మొహెంజొదారోలలో చెకుముకి జాతి రాతితో నునుపుగా చెక్కిన ఘనాకారపు తూనిక రాళ్ళు బయల్పడినవి. వానిలో చిన్న రాళ్ళు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదునారు, ముప్పదిరెండు, అరువదినాలుగు అను వరుసలో ఇబ్బడిగా పెరుగుచు పోవును. మన ధాన్యపు కొలతలను చూడుడు: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము, రెండు కుంచములు ఇరస, రెండు ఇరసలు తూము. ఇవియు ఇబ్బడి వరుసయే. ఇంతమాత్రము చూపి సింధు తీరమువారు మనవారే యని వాదించు సాహసము మాకు లేదు. సగము చేయుట, రెట్టింపు చేయుట చదువురాని వానికి సైతము సులభము గనుక, ఎక్కడివారైనను ఈ త్రోవ పట్టుట సహజము.

తంజావూరు బృహదీశ్వరాలయ శాసనములలో రాజరాజ చోళుడు సమర్పించిన బంగారమును ఆడవల్లాన్ అను రాతితోను, రత్నములను దక్షిణమేరు విటంకన్ అను రాతితోను తూచినట్లు వ్రాయబడియున్నది. రెండును నటరాజుని పేర్లే. దేవుని పేరు పెట్టిన రాయి తగ్గి తూగరాదని ఆనాటివారి భావము కాబోలు. ఈ రాజరాజు కుమార్తె కుందవ్వ వేంగీ చాళుక్య విమలాదిత్యుని పెండ్లాడినది. వారి కుమారుడు, నన్నయభట్టును ఆదరించిన రాజరాజనరేంద్రుడు. తంజావూరు రాళ్ళ కథ మనకు కేవలము పరాయి కథ కాదు.

లెక్కల గ్రంథముల విషయమునను ఇట్టి సంబంధమే కలదు. పావులూరి మల్లన తెలుగు చేసిన గణితసార సంగ్రహమునకు మూలము కన్నడ దేశమును ఏలిన రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు రచించిన సంస్కృత గ్రంథము. కర్ణాటకమున స్థిరపడిన మనవారు ఈ ఋణమును గుర్తుంచుకొందురుగాక.

ఇక ఆంగ్లేయుల రాయి. అది చిరకాలము ఒకే రాయి కాదు. గాజు తూచు రాయి 5 పౌన్లు, మాంసము తూచు రాయి 8 పౌన్లు, ఉన్ని తూచు రాయి 14 పౌన్లు. ఇవి గాక ఊరికొక రాయి. ఉన్ని వారి రాజ్యమునకు ప్రధానమగు ఆదాయము గనుక, 14వ శతాబ్దిలో 3వ ఎడ్వర్డు కాలమున ఉన్ని రాయికి 14 పౌన్లనియు, అట్టి 26 రాళ్ళు ఒక గోతమనియు కట్టడి చేసిరి. తుదకు 1835లో చట్టము చేసి, తక్కిన రాళ్ళనన్నింటిని త్రోసివేసి, 14 పౌన్ల రాయినే నిలిపిరి. ఎనిమిది రాళ్ళు ఒక హండ్రెడ్‌వెయిటు. పేరునకు నూరు, తూకమునకు 112. ఇట్టివి ఇరువది కూడిన టన్ను 2240 పౌన్లు. అమెరికావారు ఈ రాయిని విడిచిపెట్టి, నూరు అన్నది నూరే యని పట్టుబట్టిరి. అందుచే వారి టన్ను 2000 పౌన్లు మాత్రమే. వేయి కిలోల టన్ను 2204 పౌన్లకు కొంచెము పైన. కనుక ఆంగ్లేయుల టన్నునకు 160 రాళ్ళు, అమెరికా టన్నునకు 142 రాళ్ళ 12 పౌన్లు, నేటి మన టన్నునకు 157 రాళ్ళ ఆరు పౌన్ల చిల్లర. ఆంగ్ల దేశమున సైతము 1985 చట్టము పిమ్మట వ్యాపారమున స్టోను చెల్లుబాటు కోల్పోయినది. మనుష్యుల దేహములను తూచుకొనుటకు మాత్రము మిగిలినది.

టన్ను అను మాట పుట్టుక విచిత్రమైనది. అది మొదట తూనిక కాదు, పీపా. 252 గ్యాలనుల ద్రాక్షసారాయి పట్టు పెద్ద పీపాను వారు టన్ను అనిరి. ఓడలో ఎన్ని పీపాలు పట్టునో అన్ని టన్నుల ఓడ. నిండు పీపా బరువు రెండువేల పౌన్ల పైచిలుకు ఉండుటచే, క్రమముగా పీపా పేరు బరువునకు పేరాయెను.

ఇది చదివినప్పుడు మాకు మన పుట్టి జ్ఞాపకము వచ్చినది. ఇరువది తూములు పుట్టి. అదియు బరువు కాదు, కొలత. అదియు పెద్ద పాత్ర వంటిది. నదిని దాటించు గుండ్రని తెప్పకును మనవారు పుట్టి అనియే పేరు పెట్టిరి. వారు పీపాతో ఓడను కొలిచిరి. మనకు కొలతకును, నీటిపై తేలు దానికిని ఒకే మాట ఉన్నది. పుట్టెడు దుఃఖమన్నప్పుడు ఏ పుట్టి అని ఎవరును అడుగరు. కాని పాత దస్తావేజులో పుట్టెడు నేల అని కనబడినచో తప్పక అడుగవలెను, ఏలయన అది పుట్టెడు విత్తనము చల్లు నేల. గింజ పలుచగా చల్లు మెట్టలో ఒక విస్తీర్ణము, ఒత్తుగా చల్లు పల్లములో వేరొక విస్తీర్ణము. ధాన్యము కొలుచునప్పుడైనను, కుప్పగా పోసి కొలిచిన కుంచము వేరు, అంచునకు సమముగా చదును చేసి కొలిచిన కుంచము వేరు. కొలుచువాడు ఒకటి అనక లాభము అని మొదలుపెట్టెను. ఏడు అనిన ఏడ్పు స్ఫురించునని ఆరున్నొకటి అనెను. కళ్ళముల వద్ద ఆ లెక్కపాట వినినవారు మన పెద్దలలో ఇంకను కొందరున్నారు.

తూనికల వరుస వేరు. మూడు తులములు పలము, నలువది పలములు వీసె, ఎనిమిది వీసెలు మణుగు, ఇరువది మణుగులు బారువ. దీనినే పలుచోట్ల ఖండి అనిరి. తులము 180 గ్రెయినులు, అనగా 11.66 గ్రాములు. వీసె 120 తులములు, ఇంచుమించు కిలో 400 గ్రాములు. తులముల లెక్కను మణుగు 25 పౌన్లకు కొంచెము తక్కువగా వచ్చును. మద్రాసు వర్తకులు సరిపుచ్చి మణుగు 25 పౌన్లు, బారువ 500 పౌన్లు అని వ్యవహరించిరి. వీసె అను మాట తెలుగు, తమిళ రేవుల వర్తకముతో సముద్రము దాటినది. బర్మాలో నూరు టికలుల తూకమును ఐరోపా వర్తకులు విస్ అని పిలిచినది ఈ మాటనుండియే. అది మన వీసెకంటె బరువు, కిలో 633 గ్రాములు. యానాం చెంతనున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టు రేవు. 1839 నాటి తుపాను ఆ రేవును ధ్వంసము చేసినది. అయినను ఆ రేవు పేరుననే రంగూనులో తెలుగు కూలీలందరిని, వారు ఏ జిల్లావారైనను, కోరంగీలు అనిరి. అచట బియ్యపు మూటలు మోసినవాడు స్వగ్రామమున ఒక వీసెను, రంగూనులో వేరొక వీసెను ఎరిగియుండవలసి వచ్చెను.

ఒకే పేరు, వేరు వేరు బరువులు. అసలు చిక్కు ఇచటనే కలదు. బంగాళ ప్రభుత్వము 1833లో తులమును 180 గ్రెయినులుగా నిర్ణయించి, 80 తులములు శేరు, 40 శేర్లు మణుగు అని ఏర్పరచెను. ఆ మణుగు 82 పౌన్ల పైచిలుకు, అనగా 37 కిలోల 324 గ్రాములు. బొంబాయి మణుగు 28 పౌన్లు, సరిగా రెండు ఆంగ్ల రాళ్ళు. మద్రాసు మణుగు 25 పౌన్లు. ఆంగ్లేయుల ఒక్క టన్ను కలకత్తాలో 27 మణుగుల చిల్లర, బొంబాయిలో 80 మణుగులు, మద్రాసులో దాదాపు 90 మణుగులు. శేరు గతియు ఇంతియే. మద్రాసు కచ్చా శేరు 24 తులములు, అట్టివి ఐదు కూడిన వీసె. బంగాళ పక్కా శేరు 80 తులములు. పోటునూరు నుండి పూనాకు పోయినవాడు, చిత్తూరు నుండి కోలారు గనులకు పోయినవాడు, గంజాము నుండి కలకత్తాకు పోయినవాడు, మాట మారకుండ తూకము మారు దేశములలో బేరము చేయవలసివచ్చెను.

షోలాపురపు మన పద్మశాలి కుటుంబములు ఆంగ్ల పౌనును వేరొక దారిని ఎరిగినవి. నూలు నంబరనగా ఒక పౌనునకు ఎన్ని చిలపలు తూగునను లెక్క. చిలప పొడవు 840 గజములు. 40వ నంబరు నూలన్న, పౌనునకు అట్టి 40 చిలపలు. ఇంగ్లీషు అక్షరము రాని ముసలమ్మ సైతము నూలును వ్రేళ్ళతో నలిపి నంబరు చెప్పగలిగెను. పౌను పోయినను ఈ నంబరు పోలేదు. నేటికిని ప్రత్తినూలు ఆ లెక్కనే అమ్ముడుపోవుచున్నది. అట్లే ప్రత్తి బేరములలో ఖండి కూడ బ్రదికియున్నది. బొంబాయి ప్రత్తి ఖండి 784 పౌన్లు, సరిగా 56 ఆంగ్ల రాళ్ళు. వర్తకులు నేడు దానినే 356 కిలోలుగా పాటించుచున్నారు. కోవిల్పట్టి నల్లరేగడి నేలలలో ప్రత్తి పండించు మన రైతు కుటుంబములు ధర వినుట ఈ ఖండి లెక్కనే. బియ్యపు, వడ్ల బస్తాల మాటయు కొంత ఇట్టిదే. రెండు పక్కా మణుగులు 74 కిలోల 648 గ్రాములు. గోదావరి ప్రాంతమున 75 కిలోల వడ్ల బస్తా చూచినప్పుడెల్ల మాకు ఆ రెండు మణుగులే కనబడును.

1956లో పార్లమెంటు తూనికలు కొలతల చట్టము చేసెను. 1958 నుండి క్రమముగా కిలోలు వచ్చినవి. 1962 నాటికి వీసె, మణుగు, పౌను, టన్ను అంగడి తూకములుగా చెల్లకపోయినవి. కిలో జన్మభూమి ఫ్రాన్సు. 1954లో ఫ్రెంచి పాలన వీడిన యానాం, 1962లోనే చట్టపూర్వకముగా భారతదేశమున చేరుట చూచి నవ్వుకొందుము. వదలిపోయిన దొరల తూకము మనకు స్థిరమైన యేడే వారి పట్టణము మనదైనది.

కిలో చేసిన మేలు ఎన్నదగినది. అంగడికొక రాయి పెట్టుకొని బీదవాని నెత్తిన కొట్టు వర్తకుని ఆటలు చాలవరకు కట్టుబడినవి. పాత తూకములు మధురముగా ఉండెనని కన్నీరు కార్చు వ్యాసములను మేము మెచ్చము. కాని పాత తూకము వ్రాసిన కాగితము మాత్రము కొత్త తూకముగా తనంతట తాను మారదు. పెండ్లి కాగితములలో ఇరువది తులముల బంగారమని ఉన్నదనుకొనుడు. నేటి అంగడిలో చాలచోట్ల తులమనగా పది గ్రాములు. పాత తులములైనచో ఇరువదికి 233 గ్రాములు. నడుమ 33 గ్రాముల బంగారము ఆవిరియగును.

ఇప్పుడు మా ఇంటి మాట. మా పెద్దలు గంజాము జిల్లాలో స్థిరపడిరి. అప్పుడది మద్రాసు రాజధానిలోనిది, 1936లో ఒరిస్సాలో చేరినది. 1911లో మా ముత్తాతలిద్దరు, అన్నదమ్ములు, పొలము పంచుకొనుచు ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. తమ్ముని వంశమువారు ఊరి గుడిలో అఖండదీపమునకు ఏటేట మూడు మణుగుల నూనె ఇయ్యవలెను. అందుకై ఒక చెక్క అధికముగా వారి వంతున పడినది. ఆ వంశమువారు ఏనాడును మానక ఏటా రెండు డబ్బాల నూనె, పైన మరికొంత, గుడికి పంపుచుండిరి.

1987లో గుడి లెక్కలు సరిచూచు పని మా మీద పడినది. పత్రములో మూడు మణుగులని యున్నది. మణుగునకు 37 కిలోల చిల్లర అని బడిలో చదివితిమి. మూడింటికి 112 కిలోలు. వారు ఇచ్చుచున్నది 34 కిలోలకు మించదు. మేము పెద్దల సమక్షమున ఈ లెక్క చదివితిమి. పొలము పూర్తిగా అనుభవించుచు దేవుని నూనెలో మూడింట రెండు వంతులు మ్రింగిరని మాట పుట్టినది. ఆనాటినుండి రెండు ఇండ్లకు రాకపోకలు నిలిచినవి. పెండ్లి పిలుపులు కూడ నిలిచినవి. మాకు వరుసకు బాబాయియగు ఆ ఇంటి పెద్ద, లెక్కకు బదులు చెప్పలేక, మా నాయన ఇచ్చినంతే నేను ఇచ్చుచున్నాను అని మాత్రమనెను. దానిని మేము తప్పు ఒప్పుకొనుటగా తలచితిమి.

కొన్ని యేండ్ల క్రిందట ఇల్లు విప్పునపుడు అటకమీద ముత్తాతగారి లెక్కల పుస్తకము దొరికినది. చెదలు తినగా మిగిలిన పుటలలో ఒకచోట దీపపు నూనె పద్దు కలదు: నెలకు వీసెలు 2, ఏటికి వీసెలు 24, మణుగులు 3. అనగా మణుగునకు ఎనిమిది వీసెలు. మద్రాసు మణుగు. మూడు మణుగులు 2880 తులములు, 33 కిలోల 600 గ్రాములు. మేము చదివినది బంగాళ మణుగు, 3200 తులములది. ఆయన వ్రాసినది 960 తులములది. మూడున్నర రెట్లకు కొంచెము తక్కువ తేడా. దినమునకు లెక్కించిన ఎనిమిది తులముల నూనె, ఒక ప్రమిదకు ఒక దినము. మేము చెప్పిన లెక్కను దినమునకు ఇరువదియారు తులములు పోయవలెను. ఒక్క దీపము అంత నూనె త్రాగునా యని ఆనాడు ఎవరమును ఆలోచింపలేదు. ఒక్కనాడు గుడికి పోయి ప్రమిద చూచియుండినను తెలిసియుండెడిది.

బాబాయి అప్పటికి లేడు. ఆయన కుమార్తె బరంపురమున ఉన్నది. పుస్తకము తీసికొని పోతిమి. ఆమెకు తెలుగు మాటలాడుట వచ్చును గాని చదువుట రాదు. పద్దు మేమే చదివి వినిపించితిమి.

"మణుగుకు ఎన్ని వీసెలు అన్నయ్యా?" అని అడిగినది.

ఎనిమిది అంటిమి. ఆమె వ్రేళ్ళమీద లెక్కించుకొని, "మూడెనిమిదులు ఇరవైనాలుగు. అయితే నాన్న తక్కువ పొయ్యలేదు" అని లోపలికి పోయినది. కొంతసేపు రాలేదు. తరువాత కాఫీ తెచ్చి యిచ్చినది.

గుడి లెక్కలలో 1987 నాటి పద్దును కొట్టివేసి, సరియైన లెక్కను, మా తప్పును, మా సంతకముతో వ్రాసితిమి. ఇప్పుడు ఆ నూనె రెండు ఇండ్లవారమును కలిసి ఇచ్చుచున్నాము. ఏటికి 34 కిలోలు. లెక్కకు మించిన 400 గ్రాములు తూకపు మొగ్గు క్రింద పోవును.